రెండు స్తంభాల నడుమ ఎంత దూరం?

నిజామాబాద్ జిల్లా ఆర్మూరులో ఇల్లు కట్టినా, బడి కట్టినా, పసుపు గోదాం కట్టినా మేస్త్రీ ముగ్గు పోసే ముందు తేలాల్సిన లెక్క ఒక్కటే. పిల్లర్‌కూ పిల్లర్‌కూ నడుమ ఎంత? ఇంటికైతే 10 నుంచి 15 అడుగులు. సింగపూర్ స్టేడియానికైతే వెయ్యి అడుగుల పైమాటే! ఈ రెండు అంకెల మధ్యే గుళ్లు, మసీదులు, రైల్వే స్టేషన్లు, పార్లమెంటు, సభామందిరాలు అన్నీ సర్దుకున్నాయి. వాటిలో ఛాంపియన్లెవరో చూద్దాం.

వయసులో పెద్దవాటిలో ఒకటి మన దేశంలోనే ఉంది. పాట్నాలోని కుమ్రాహార్‌లో బయటపడిన మౌర్యుల సభామండపం. 80 రాతి స్తంభాలు, పది వరుసలు, వరుసకు ఎనిమిది. స్తంభానికీ స్తంభానికీ నడుమ 15 అడుగులు. పైకప్పు కలపది, కాబట్టి అది మిగల్లేదు. స్తంభాల గళ్లు మాత్రం రెండు వేల ఏళ్లకు పైగా మట్టి కింద చెక్కుచెదరని లెక్కలా ఉండిపోయాయి.

నేల కింద దాగిన ఛాంపియన్ ఇస్తాంబుల్‌లో ఉంది. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన నీళ్ల తొట్టి బసిలికా సిస్టర్న్. 12 వరుసలు, వరుసకు 28 స్తంభాలు, మొత్తం 336. ఒక్కోటి 9 మీటర్ల ఎత్తు. ఎడం ఎంతో తెలుసా? 4.8 మీటర్లు. అంటే దాదాపు 16 అడుగులు. పాట్నా లెక్కకు ఒక్క అడుగు తేడా!

మూడోది లండన్‌లో. 1868లో తెరిచిన సెయింట్ పాంక్రాస్ రైల్వే స్టేషన్ కింద ఒక నేలమాళిగ ఉంది. వందల కొద్దీ ఇనుప స్తంభాలు. వాటి ఎడం 14 అడుగుల 8 అంగుళాలు. ఇంత నిక్కచ్చి అంకె ఎక్కడి నుంచి వచ్చింది? పీపాల నుంచి. బర్టన్ ఊరి నుంచి రైల్లో వచ్చే బీరు పీపాలను అక్కడ నిల్వ చేసేవారు. వరుసగా పేరిస్తే ఒక్క పీపా స్థలం కూడా వృథా కాకూడదని ఇంజనీర్ విలియం బార్లో పీపా కొలతతోనే స్తంభాల గళ్లు గీశాడు. కట్టడాల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన అంకె ఇదే.

అదే స్టేషన్‌లో పైఅంతస్తుకు రండి. 240 అడుగుల వెడల్పున ఒకే ఇనుప కమాను, నడుమ ఒక్క స్తంభం కూడా లేదు! కింద పీపాలకు 15 అడుగులు చాలాయి, పైన రైళ్లకు 240 కావాల్సి వచ్చింది. ఒకే కట్టడంలో పదహారు రెట్ల తేడా. పీపాలు పోయాయి, బీరు పోయింది. ఇప్పుడు ఆ నేలమాళిగలోంచే ప్రయాణికులు పారిస్ రైలెక్కుతున్నారు.

పీపాకు ఒక అంకె ఉంటే పసుపు బస్తాకు ఉండదా? లెక్క వేద్దాం. ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల పసుపు, ఉడికి, ఎండి, డ్రమ్ములో పాలిష్ అయ్యాక బస్తాల్లో నిండి పాతిక కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్ యార్డుకు చేరుతుంది. ట్రాక్టర్ ట్రాలీల్లో, డీసీఎంల్లో వస్తుంది, కొన్నాక లారీల్లో వెళ్తుంది. మోటారు వాహనాల నిబంధన ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. రెండు లారీలు పక్కపక్కన ఆగితే 5.2. అటూ ఇటూ, నడుమన హమాలీ నడవడానికి తలా 60 సెంటీమీటర్లు వేసుకుంటే 7 మీటర్లు. అంటే 23 అడుగులు. పసుపు షెడ్డుకు అంకణం, అంటే స్తంభాల ఎడం, అంతకంటే తక్కువ వేస్తే ప్రతి సీజన్‌లోనూ స్తంభం దెబ్బ తింటూనే ఉంటుంది.

నమ్మకపోతే ఏ మార్కెట్ యార్డులోనైనా షెడ్డు మూల స్తంభం దగ్గరికి వెళ్లి చూడండి. తలకు పైన సున్నం నున్నగా ఉంటుంది. నడుము ఎత్తులో మాత్రం అంచు చితికి, సిమెంటు ఊడి, లోపలి ఇనుప కడ్డీ తుప్పు రంగులో కనబడుతుంది. ట్రాలీ డాలా తగిలిన చోటది. కొన్నిచోట్ల మూలకు ఇనుప పట్టీ బిగించి ఉంటుంది, ఆ పట్టీ కూడా వంగి ఉంటుంది. స్తంభాన్ని తప్పు చోట నిలబెట్టారని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కిక్కిరిసిన స్తంభాలు ఈజిప్టులోనూ ఉన్నాయి. కర్నాక్ గుడిలోని మహామండపం, వయసు మూడు వేల ఏళ్లకు పైనే. 5,000 చదరపు మీటర్లలో 134 స్తంభాలు. నడుమనున్న పన్నెండు 21 మీటర్ల ఎత్తు. 60 అడుగుల తాటిచెట్టును పక్కన నిలబెడితే ఇంకా తొమ్మిది అడుగులు తక్కువ పడుతుంది! సగటున 37 చదరపు మీటర్లకో స్తంభం. ఎందుకంత ఇరుకు? రాయి బరువును మోయగలదు కానీ వంపును ఓర్చుకోలేదు. పొడుగాటి రాతి దూలం అడుగు భాగాన సాగి పగులుతుంది. అందుకే రాతి దూలాల కట్టడమంటే స్తంభాల అడవే.

ఇప్పుడు దానికి సరిగ్గా ఎదురు హైదరాబాద్‌లో చూడండి. 2006లో తెరిచిన అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్, హెచ్‌ఐసీసీ. ప్రధాన హాలు 6,480 చదరపు మీటర్లు. కర్నాక్ మండపం కంటే పెద్దది. లోపల స్తంభాలు సున్నా! కావాలంటే జరిపే గోడలతో ఆరు ముక్కలు చేసుకోవచ్చు.

పేరు ఘనం, లెక్క తక్కువ: మధుర మీనాక్షి గుడిలోని వేయి కాళ్ల మండపం. లెక్కపెడితే 985. పదిహేను తక్కువైనా పేరు చెక్కుచెదరలేదు.

మన వేయి స్తంభాల గుడి హనుమకొండలో, 1163 నాటిది, కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. ఇసుక నింపిన పునాది మీద నిలబడింది. దాని కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ పేర్చి, 2024 మార్చిలో శివరాత్రినాడు తెరిచారు. విప్పడం నుంచి తెరవడం దాకా దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. మరమ్మతుల ఓర్పులో ఛాంపియన్ ఇదే.

నేల తాకని స్తంభం కావాలంటే లేపాక్షి పోవాలి. 16వ శతాబ్దపు వీరభద్రాలయంలో ఒక స్తంభం నేలకు పూర్తిగా ఆనదు. కింది నుంచి గుడ్డను అటు నుంచి ఇటు లాగుతారు. బరువు పక్క స్తంభాల మీదికి పోతోందన్న మాట. ఇంజనీరింగ్ చదివే ప్రతి పిల్లవాడికీ చూపించాల్సిన స్తంభమది.

స్తంభం లేకుండా తెలంగాణలో ముందుగా మెప్పించిన దర్బారు వరంగల్ కోటలోని ఖుష్ మహల్. 38 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల ఎత్తు. అడ్డంగా కమానులు, వాటి మీద పైకప్పు. కమాను పక్కకు తోసే బలాన్ని ఆపడానికి గోడలను 77 డిగ్రీల వాలుగా కట్టారు. పైకప్పు చాలావరకు పోయింది, కమానులు నిలిచాయి.

అదే 16 మీటర్ల వెడల్పులో పొడవు పందెం గెలిచింది లక్నో. 1784లో కరువు పనిగా మొదలైన బడా ఇమాంబాడా హాలు 50 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. దూలం లేదు, ఇనుము లేదు, కలప లేదు.

హైదరాబాద్ మక్కా మసీదుది మరో రికార్డు. 220 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, 75 అడుగుల ఎత్తు, 15 కమానులు. పది వేల మంది ఒకేసారి నమాజు చేయొచ్చు. కుతుబ్‌షాహీలు మొదలుపెడితే ఔరంగజేబు 1694లో ముగించాడు. ముక్కాలు శతాబ్దం!

దానికి ఎదురు, వేగంలో వీరుడు లండన్ క్రిస్టల్ ప్యాలెస్. 1850 జూలైలో కాంట్రాక్టు ఖాయమైంది, 1851 మే 1న మహారాణి ప్రారంభించింది. పొడవు 1,848 అడుగులు. ఇంత వేగం ఎలా? కిటుకంతా గళ్లలో ఉంది. స్తంభాల ఎడం అంతటా 24 అడుగులు, నడుమ నడవ 72, అంటే సరిగ్గా మూడు గళ్లు. పొడవునా 77 గళ్లు. ఆ 24 అడుగుల అంకె పుట్టింది ఒక గాజు పలక నుంచి. ఆ రోజుల్లో చవగ్గా దొరికిన పెద్ద పలక పొడవు 49 అంగుళాలు. పలక కొలతకు తగ్గట్టు కప్పు, కప్పుకు తగ్గట్టు దూలం, దూలానికి తగ్గట్టు స్తంభం. అన్నీ ఒకే సైజు కాబట్టి ఫ్యాక్టరీలో పోత పోసి తెచ్చి బిగించేశారు. పీపా చేసిన పనినే ఇక్కడ గాజు చేసింది.

పుస్తకాలకు, బొమ్మలకు గళ్లు వేసింది పారిస్. 1977 నాటి పాంపిడూ సెంటర్, పెద్ద గ్రంథాలయం, మ్యూజియం కోసం కట్టింది. 12.8 మీటర్లకో గడి, పొడవునా 13 గళ్లు. అడ్డంగా 48 మీటర్ల వెడల్పులో ఒక్క స్తంభం కూడా లేదు, అదీ ప్రతి అంతస్తులో! పైపులు, మెట్లు, ఎస్కలేటర్లు అన్నిటినీ గోడ బయటికి నెట్టేశారు.

స్తంభాలను దాచకుండా వరుసగా నిలబెట్టి అందం తెచ్చుకుంది ఢిల్లీ పాత పార్లమెంటు. 1927లో పూర్తయింది. గుండ్రటి కట్టడం, 560 అడుగుల వ్యాసం, చుట్టూ 144 స్తంభాలు, ఒక్కోటి 27 అడుగుల ఎత్తు. దాదాపు 12 అడుగులకు ఒకటి.

ఒకే గుమ్మటం కింద ఎంత? దక్కన్ పందెంలో బీజాపూర్ గోల్ గుంబజ్‌కు తిరుగులేదు. 1656లో ముగిసింది. లోపల 135 అడుగుల చదరం, 18,225 చదరపు అడుగులు, నడుమ స్తంభం లేదు. రోమ్‌లోని పాంథియాన్ గుమ్మటం దానికంటే వెడల్పు, 43.3 మీటర్లు. అదీ ఇనుప కడ్డీ లేని కాంక్రీటుతో, దాదాపు 1,900 ఏళ్ల కిందట! 1857లో లండన్ బ్రిటిష్ మ్యూజియం పఠన మందిరం 140 అడుగుల గుమ్మటం కట్టి పాంథియాన్‌కు రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

రాతి గుమ్మటాల్లో ఇప్పటి ఛాంపియన్ మళ్లీ మనదే. ముంబై గొరాయ్‌లోని విపశ్యన పగోడా, 2009. వ్యాసం 280 అడుగులు, పాంథియాన్‌కు దాదాపు రెట్టింపు. రాళ్లు ఒకదానికొకటి గొళ్లెం వేసుకున్నట్టు కూర్చుంటాయి. ఎనిమిది వేల మంది ఒక్క స్తంభం అడ్డు లేకుండా ధ్యానం చేసుకోవచ్చు. సంఖ్యలో దాన్ని మించింది తెలంగాణలోనే ఉంది. రంగారెడ్డి జిల్లా కన్హా శాంతివనం, 2020, ధ్యానమందిరాల్లో లక్ష మందికి చోటు.

కాంక్రీటు పొడుగు దూకింది 1958లో పారిస్‌లో. సీఎన్‌ఐటీ ప్రదర్శనశాల త్రికోణాకారం, మూడు మూలల్లో మూడే మూడు ఆధారాలు. ఒక్కో భుజం 218 మీటర్లు.

పలుచదనంలో పందెం గెలిచింది మెక్సికో. 1951లో ఫెలిక్స్ కాండెలా విశ్వవిద్యాలయంలో కాస్మిక్ కిరణాల పరిశోధనకు ఒక గది కట్టాడు. కిరణాలు లోపలికి దూసుకురావాలి, కాబట్టి కప్పు పలుచగా ఉండాలి. కాంక్రీటు మందం ఎంతనుకున్నారు? 15 మిల్లీమీటర్లు! మన ఇళ్ల శ్లాబు 5 అంగుళాలు, అంటే ఎనిమిది రెట్ల పైన. వంపు తిరిగిన ఆకారమే దాని బలం.

అతి పెద్ద గడి ఎక్కడ? జెద్దా విమానాశ్రయంలోని హజ్ టెర్మినల్, 1981. 210 గుడారాల కప్పులు, ఒక్కోటి 45 మీటర్ల చదరం. అంటే ఒక్క గడి విస్తీర్ణం 2,025 చదరపు మీటర్లు, సరిగ్గా అర ఎకరం. అర ఎకరం పసుపు చేనును ఒకే గొడుగు కింద ఊహించుకోండి. అలాంటి గొడుగులు 210! రూపకర్తల్లో ఒకరు ఢాకాలో పెరిగిన ఇంజనీర్ ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్.

లోపల స్తంభం లేని అతి పెద్ద షెడ్డు జర్మనీది. 360 మీటర్ల పొడవు, 210 వెడల్పు, 107 ఎత్తు. లోపల అయిదు తాటిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఇంకా యాభై అడుగులు మిగులుతుంది. గాలి ఓడల కోసం కట్టారు, కంపెనీ 2002లో దివాలా తీసింది. 2004 నుంచి అందులో ఈత కొలనులు, ఇసుక తీరం.

ఇక రారాజు. సింగపూర్ జాతీయ స్టేడియం, 2014. గుమ్మటం 310 మీటర్లు. తాటిచెట్లను వరుసగా పడుకోబెడితే దాదాపు పదిహేడు. నడుమ ఆధారం లేదు, పైగా కప్పు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది!

మరి అందరూ పెద్ద అంకణాలే వేసుకోవచ్చు కదా? అక్కడే ఉంది అసలు లెక్క. దూలం పొడవు రెట్టింపు చేస్తే వంచే బలం నాలుగింతలు అవుతుంది. అదే సైజు దూలమైతే కుంగుడు పదహారింతలు! 15 అడుగుల చోట 30 వేయాలనుకునే వాళ్లు ఈ పదహారును గుర్తుంచుకోవాలి. మేస్త్రీ "ఇంకో రెండు కడ్డీలు వేస్తే సరిపోతుంది సార్" అన్నా సరే, ఊరుకోకండి. ఇంజనీరు లెక్క అడగండి.

బరువు మోసే పందెం మరీ వింత. భారత ప్రమాణాల్లో ఇంటి గదికి చదరపు మీటరుకు 200 కిలోలు చాలు. బడి గదికి 300. కుర్చీలు బిగించని సభా హాలుకు 500. గ్రంథాలయంలో పుస్తకాల అరలకు కనీసం 600. గోదాముకు కనీసం 750. కోల్డ్ స్టోరేజీకి నిల్వ ఎత్తు మీటరుకు 500 చొప్పున లెక్క, ఎంత తక్కువైనా కనీసం 1,500. నాలుగు మీటర్ల ఎత్తు బస్తాలు పేరిస్తే 2,000 కిలోలు. మనం పడుకునే గదికి పదింతలు! పసుపును చల్లటి గదిలో అంతస్తుల మీద దాచేవాళ్లు స్తంభాలను దగ్గరగానే వేసుకోవాలి, వేరే దారి లేదు.

వేలం షెడ్డు సంగతి వేరు. అక్కడ కొమ్మూ మండా కుప్పలుగా నేల మీదే ఉంటాయి, బరువంతా భూమాత మీదే. పైన రేకుల కప్పు మోయాల్సింది తన బరువు, ఎక్కి పనిచేసే మనుషుల కోసం చదరపు మీటరుకు 75 కిలోల లెక్క, గాలి తాకిడి. కోల్డ్ స్టోరేజీ అంతస్తుకూ దీనికీ కనీసం ఇరవై రెట్ల తేడా! అందుకే ఇనుప ట్రస్సుతో 20, 30 మీటర్ల అంకణం కూడా భారం కాదు. గోదాం గళ్లనే షెడ్డుకూ గీసేయడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. స్తంభాలు ఎక్కువై బండ్లు తిరగవు. బండ్లు తిరగకపోతే కుప్పలు షెడ్డు బయట ఆరుబయట పడతాయి. వేసవిలో అకాల వాన వచ్చిందంటే తడిసేది ఆ కుప్పలే. తొమ్మిది నెలల పంట.

పొడవుకూ ఒక హద్దుంది. కాంక్రీటు కట్టడం 45 మీటర్లు దాటితే నడుమ సందు వదలాలని భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఎండకు కాంక్రీటు సాగుతుంది కాబట్టి. 45 మీటర్ల కట్టడం 30 డిగ్రీలు వేడెక్కితే పదమూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. నిజామాబాద్ మే నెల ఎండలు ఎరిగినవాళ్లకు ఈ సందు ఎందుకో చెప్పనక్కర్లేదు. భవనం మధ్యలో రెండు స్తంభాలు అంటుకున్నట్టు జంటగా కనబడితే అదే ఆ చోటు.

ఆర్మూరు దగ్గర్లో అన్నిటికంటే పొడుగాటి గళ్ల వరుస మాత్రం భవనంలో లేదు, గోదావరి మీద ఉంది. పోచంపాడులోని శ్రీరాంసాగర్. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. వరుసగా 42 గేట్లు. ఒక్కో గేటూ ఒక్కో అంకణం, నడుమ రాతి, కాంక్రీటు దిమ్మెలు. అదే గోదావరి మీద రాజమండ్రి పాత హావ్‌లాక్ వంతెనకు 56 అంకణాలు, ఒక్కోటి 150 అడుగులు, 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. దాని పక్కన 1997లో వచ్చిన కమాను వంతెనకు సరిగ్గా సగం, 28 అంకణాలే. ఒక్కోటి 97.5 మీటర్లు.

గళ్ల గురించి చెబుతూ పసుపు రైతుల రికార్డు మరిచిపోతే తప్పు. 2019 ఏప్రిల్ 11, నిజామాబాద్ లోక్‌సభ ఎన్నిక. బరిలో 185 మంది, అందులో 178 మంది రైతులు! పసుపు బోర్డు, గిట్టుబాటు ధర వాళ్ల కోరిక. ఒక్కో ఓటింగ్ యంత్రంలో పట్టేది 16 పేర్లు, కాబట్టి ప్రతి బూత్‌లోనూ 12 యంత్రాలు వరుసగా పెట్టాల్సి వచ్చింది. ఆ బల్లల కోసం బడి గదులు సరిపోతాయా అని అధికారులు చూసుకోవాల్సిన ఎన్నిక అది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతినాడు, నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

బోర్డు వచ్చింది కాబట్టి ఇకముందు గోదాములు, షెడ్లు, కోల్డ్ స్టోరేజీలు కట్టే రోజులూ వస్తాయి. గీత గీసే ఇంజనీర్లకు నాదొక విన్నపం. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక సీజన్ రోజు యార్డుకు రండి. బస్తా పొడవు, వెడల్పు టేపుతో కొలవండి. లారీ ఎక్కడ తిరుగుతుందో డ్రైవర్‌ను అడగండి, బస్తా మోసుకుంటూ ఎటు నడుస్తారో హమాలీలను అడగండి, కాంటా ఎక్కడ ఉండాలో రైతును అడగండి. ఆ తర్వాత ముగ్గు పోయించండి.